కిల్కెన్నీలో అమ్మ అన్న మాట

ఐర్లండ్ ఎలా ఉందని అడిగిన వాళ్లందరికీ పచ్చగా ఉందనే చెప్పాను. ఆఫీసులో, అపార్ట్‌మెంటు లిఫ్టులో, కూరగాయల బండి దగ్గర అదే జవాబు. అబద్ధమేమీ కాదు. నాట్లు వేసిన నెలకు మన డెల్టా పొలాలు ఎలా ఉంటాయో, ఆ దేశం ఏడాది పొడుగునా అలా ఉంటుందట. అయితే అక్కడున్న పద్దెనిమిది రోజులూ నా చూపు పొలాల మీదకన్నా మా అమ్మ మీదే ఎక్కువగా ఉంది. చూసొచ్చింది రాయమని ఒక స్నేహితురాలు పోరుపెడితే కూర్చున్నాను గానీ, ఇది చదివి ఎవరూ టికెట్ కొనుక్కోరని తెలుసు.

ముందు మావాళ్ల గురించి చెప్పాలి. అమ్మ పేరు రాజ్యలక్ష్మి. నరసరావుపేటలో మునిసిపల్ హైస్కూల్లో సోషల్ టీచరుగా చేసి రిటైరైంది. నాన్న కరెంటు ఆఫీసులో పనిచేశారు. ఇప్పుడు ఇద్దరూ గుంటూరులో నా దగ్గరే ఉంటారు. అయిదారేళ్ల కిందట అమ్మ ఫోన్లో ఎవరెవరో చెప్పే చరిత్ర వినడం మొదలుపెట్టింది. మొదట్లో అదొక పార్టీ మీద అభిమానం అనుకున్నాం. ఇంట్లో తలో పార్టీ ఉండటం మనకేం కొత్త కాదు. తర్వాత సాయిబుల కొట్లో సరుకులు కొనొద్దంది. మాకు పాలు పోసే మీరావలిని మానిపించింది. వాళ్లకి ఓట్లెందుకంది. ఒకరోజు తన పాత నోట్సులన్నీ పాతపేపర్ల అతనికి వేసేసి, “ముప్పయ్యేళ్లు పిల్లలకి అబద్ధాలు నేర్పానే సుధా” అని వెక్కివెక్కి ఏడ్చింది. నాకు భయం పట్టుకున్నది ఆ రోజే. కోపంతో అన్నమాటకి ఎదురు చెప్పొచ్చు. ఏడ్చి మరీ నమ్మినదానికి ఏం చెబుతాం?

నేను చెయ్యనిది లేదు. వాదించాను. పుస్తకాలు తెచ్చిచ్చాను. ఆవిడ స్నానానికి వెళ్లినప్పుడు ఫోన్లోంచి ఆ చానళ్లు తీసేశాను. సాయంత్రానికి మళ్లీ వచ్చేవి. చివరికి మాట్లాడటం మానేశాను. అమ్మ ఏమన్నా నాన్న మాత్రం “అవునవును” అనేవారు.

మా చెల్లెలు మాధవి కిల్కెన్నీలో డాక్టరు. ఫిబ్రవరిలో దానికి పాప పుట్టింది. అప్పుడే నాన్నకి గుండెలో స్టెంటు వేయడంతో ఎవరం వెళ్లలేకపోయాం. జూలైలో మాధవి కొత్త పోస్టులో చేరాలి. నేను అమ్మానాన్నలని తీసుకెళ్లి, పద్దెనిమిది రోజులుండి వచ్చేయాలనీ, పాపని చూసుకుంటూ వాళ్లు ఆగస్టు దాకా అక్కడే ఉండాలనీ అనుకున్నాం. నిజం చెప్పాలంటే ఆ రెండు నెలలూ మా ఇంట్లో ఆ వీడియోల గొంతు వినపడదని నాకు లోపల్లోపల సంతోషం.

కిల్కెన్నీ, మొదటి వారం

మేం దిగింది మే నెలాఖర్లో. అక్కడ అప్పుడు రాత్రి పదింటిదాకా వెలుతురే. దీపం పెట్టాలని పొద్దుగూకడం కోసం ఎదురుచూసి ఎదురుచూసి, అమ్మ మొదటిరోజు సోఫాలోనే నిద్రపోయింది. పాప పేరు తార. ఆ పేరైతే ఐర్లండు వాళ్లకీ నోరు తిరుగుతుందని పెట్టుకున్నారట. అమ్మ కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టుకుని నూనె రాస్తుంటే మరిది ప్రవీణ్ తలుపు దగ్గర నిలబడి చూసేవాడు. “అత్తయ్యగారూ, నర్సులు కూడా ఇంత ధైర్యంగా పట్టుకోలేదండీ” అన్నాడు. అమ్మ పొంగిపోయింది.

కిల్కెన్నీ పాతకాలపు ఊరు. నల్లరాతి సందులు, నోర్ అనే ఏరు, ఏటి ఒడ్డున కోట. బస్సు దిగే ప్రతివాళ్లూ డ్రైవరుకి థాంక్స్ చెప్పి దిగుతారు. రెండోరోజుకే నాన్నకి అది అలవాటైపోయింది. ఎవరిని ఎలా ఉన్నావన్నా “గ్రాండ్” అంటారు. వాన పడుతున్నా గ్రాండే, టీ చల్లారిపోయినా గ్రాండే. ఓ హోటల్లో స్కోన్ అనే రొట్టె తిన్నాం. చిన్న కొబ్బరిచిప్పంత ఉంటుంది, వెన్నా జామూ రాసుకుని తినాలి. మూడున్నర యూరోలు. ఆ లెక్కన గుంటూరులో నలుగురం ఇడ్లీ తినొచ్చని అమ్మ అంది గానీ, వెన్న మాత్రం వేలితో నాకింది.

కోటలో రాసిపెట్టిన బోర్డులన్నీ అమ్మ పైకి చదివింది. పిల్లల్ని ఎక్స్‌కర్షన్‌కి తీసుకెళ్లినప్పటి గొంతు అది. ఆ కోట కట్టిన నార్మన్లు ఎక్కణ్నుంచి వచ్చారో, ఎలా గెలిచారో నాన్నకి చెబుతుంటే ఇద్దరు టూరిస్టులు కూడా ఆగి విన్నారు. పాత అమ్మ తిరిగొచ్చిందని నాకు గుండె నిండిపోయింది. అంతలోనే అమ్మ నావైపు తిరిగింది. “చూశావా? బయటినుంచి వచ్చినవాళ్లు కోటలు కట్టుకుంటారు. ఉన్నవాళ్లు వాళ్లకి కూలి చేస్తారు. మనకీ అదే జరిగింది, జరుగుతోంది.” నాన్న “అవునవును” అన్నారు. నేను కిటికీలోంచి ఏటిని చూస్తూ ఉండిపోయాను.

ఆ సాయంత్రం అమ్మకి వంటింటి ప్రెస్‌లో ఒక సీసా దొరికింది. అక్కడ అల్మరాని ప్రెస్ అంటారు. సీసాలో బాలింతకి పెట్టే వెల్లుల్లి కారం ఉంది. అమ్మ వేడన్నంలో కలిపి నోట్లో పెట్టుకుని ఆశ్చర్యపోయింది.

“ఇదెవరు కొట్టారే? అచ్చం మా అమ్మ చేసినట్టుంది.”

మాధవి నవ్వింది. “నా ఫ్రెండు. పాప పుట్టినప్పుడు నెలరోజులు అన్నం తెచ్చిపెట్టింది. ఆదివారం వస్తుంది, చూద్దువుగాని. నీకొక సర్‌ప్రైజు కూడా ఉంది.”

ఆదివారం

ఆ సర్‌ప్రైజు ఏమిటో మాధవి నాకు కూడా చెప్పలేదు. తర్వాత తెలిసింది. నస్రీన్ మాధవితో పాటు ఆసుపత్రిలో పనిచేసే డాక్టరు. మాటల్లో నరసరావుపేట పేరొచ్చి, స్కూలు పేరొచ్చి, రాజ్యలక్ష్మి టీచర్ పేరొచ్చింది. మాధవి ప్రైవేటు స్కూల్లో చదివింది కాబట్టి చిన్నప్పుడు వీళ్లిద్దరికీ పరిచయం లేదు. టీచరుగారు వస్తున్నారని తెలిసినప్పటినుంచి నస్రీన్ రోజులు లెక్కపెట్టుకుందట.

అమ్మ ముందుగదిలో తారని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎండగా ఉందని వీధి తలుపు తెరిచే ఉంచాం. బయట కారు ఆగింది. తలకి లేతనీలం గుడ్డ చుట్టుకున్న ఆవిడ చేతిలో గిన్నెతో దిగింది. అమ్మ కిటికీలోంచి చూసి, నాతో గట్టిగానే అంది.

“వీళ్లిక్కడ కూడా తయారయ్యారూ? సుధా, పిల్లని లోపలికి తీసుకుపో. వాళ్ల చేతికివ్వకు.”

నేను అమ్మా అనేలోపే ఆవిడ గుమ్మంలోకి వచ్చేసింది. ప్రతి మాటా విందని మొహం చూస్తేనే తెలిసింది. గిన్నె రెండుచేతులతో పట్టుకుని అలాగే నిలబడింది.

“టీచర్‌గారూ, నేను నస్రీన్‌నండీ. ఎయిత్ బి. రెండో బెంచీ.”

అమ్మ కళ్లజోడు సర్దుకుంది. అమ్మ మొహంలో ముందు గాభరా, తర్వాత ఏదో వెతుక్కోవడం కనిపించాయి. ఉన్నట్టుండి మొహం విప్పారింది.

“మ్యాపులు గీసేదానివి! గోదావరి ఉపనదులన్నీ చూడకుండా వేసేదానివి. మీ నాన్నది స్టేషన్ దగ్గర సైకిల్ షాపు.”

“అవునండీ.”

“ఇంత పెద్దదానివయ్యావా! డాక్టరువయ్యావా!”

“మీరు ఇంటికొచ్చి మా నాన్నతో గొడవపడకపోతే టెన్త్‌తోనే ఆపేసేవారు టీచర్‌గారూ.”

అది మాకెవరికీ తెలియని సంగతి. అమ్మ ఎప్పుడూ చెప్పలేదు. ఓ పదినిమిషాలు వాళ్లిద్దరూ స్కూలు గురించీ, హెడ్మాస్టరు బెత్తం గురించీ మాట్లాడుకున్నారు. మాధవి వంటింట్లోంచి ఈ నవ్వులు విని టీ తెచ్చింది. గుమ్మం దగ్గర జరిగింది దానికి తెలియదు. నేను మాత్రం ఇక అయిపోయింది, ముల్లు ఊడిపోయింది అనుకున్నాను. నన్ను చూసి నేనే ఇప్పుడు జాలిపడుతున్నాను.

నస్రీన్ టీ తాగి చేతులు చాచింది. “రా తారా, రావే.” పుట్టిన మూడోరోజునుంచి ఎత్తుకున్న చేతులవి. పాప ఆమెని చూసి కాళ్లు కొట్టుకుంది.

అమ్మ పాపని భుజాన వేసుకుని లేచింది. “దానికి నిద్రొస్తోందమ్మా” అని లోపలికి వెళ్లిపోయింది.

చాచిన చేతులు నస్రీన్ నెమ్మదిగా ఒళ్లో పెట్టుకుంది. నేను కారుదాకా వెళ్లాను. ఏం చెప్పాలో తెలియక “ఏమనుకోకు” అన్నాను.

“ఇండియాలో అయితే అలవాటేనక్కా. ఇక్కడ వేరేవాళ్లంటారు, దానికీ అలవాటుపడ్డాను. టీచర్‌గారి నోటినుంచి వింటాననుకోలేదు.” ఏడవలేదు. సీటుబెల్టు మాత్రం రెండుసార్లు తప్పుగా పెట్టుకుంది.

లోపలికి వచ్చేసరికి గిన్నె మూతకూడా తియ్యకుండా బల్లమీదే ఉంది. సేమ్యా పాయసం. మాధవి అడిగింది, “అమ్మా, నీ స్టూడెంట్ ఎలా ఉంది?”

“మంచి పిల్లే” అంది అమ్మ. “మంచివాళ్లనే ముందు నిలబెడతారు వాళ్లు. మనం వీళ్లని చూసి నమ్ముతామని.”

మాధవి నావైపు చూసింది. జరిగిందంతా నేను చెప్పాల్సి వచ్చింది.

సోమవారం పొద్దున

మాధవికి అరవడం రాదు. ప్రవీణ్ ఆఫీసుకి వెళ్లాక, పాపకి పాలు పట్టి, మాతో పాటు బల్ల దగ్గర కూర్చుంది.

“అమ్మా, నువ్వు అక్కతో పాటే వెళ్లిపో. టికెట్లు మార్పిస్తాను.”

“నేను పిల్లని సరిగ్గా చూడనా?”

“నీకన్నా బాగా ఎవరూ చూడరు.”

“మరి?”

“నస్రీన్ రాకుండా నా ఇల్లు నడవదమ్మా. నువ్వుంటే తను రాదు. రమ్మని నేనూ అడగలేను.”

“కన్నతల్లికన్నా ఆవిడే ఎక్కువన్నమాట.”

“ఆ నెలంతా నాకు అన్నం పెట్టింది తనే.”

“మీ నాన్న ఆసుపత్రిలో ఉంటే ఎలా వస్తానే నేను? నేను నిజం చెప్పాను. నిజం చెప్పినందుకు నా మనవరాలిని నాకు కాకుండా చేస్తున్నావు.”

“ఆ మాట తప్పని ఒక్కసారి అను. చాలు. ఉండిపో.”

మేమంతా ఎదురుచూశాం. అప్పుడు అమ్మ ఆ మాట అనుంటే ఈ రాతే ఉండేది కాదు. అమ్మ తన చేతులకేసి చూసుకుంది. “మనసులో లేనిది ఎలా అనమంటావు?” అంది. క్లాసులో పిల్లలకి నేర్పినట్టే, అబద్ధం ఆడలేని మనిషి. లేచి వెళ్లి పాప బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది.

బాలింకాలిగ్

ఆ ఇంట్లో గాలాడక, ముందు అనుకున్నదే కాబట్టి అమ్మానాన్నలూ నేనూ మూడు రోజులు బాలింకాలిగ్ వెళ్లాం. కార్క్ నగరం పక్కనే ఉన్న పెద్ద పేట అది. మాధవి మొదట్లో కార్క్‌లో పనిచేసినప్పుడు డోనల్ అనే ఆయన ఇంట్లో అద్దెకుండేది. డబ్భై దాటిన రిటైర్డ్ బస్సు డ్రైవరు, భార్య లేదు. మాకోసం పైగదిలో దుప్పట్లు మార్చి, గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. “మాధవి అంటే నా ఇంకో కూతురు” అని నాన్న చెయ్యి వదల్లేదు. ఊళ్లో పాత తుపాకిమందు ఫ్యాక్టరీ శిథిలాల చుట్టూ పెద్ద పార్కుంది, పక్కనే లీ నది. అక్కడి కాలవలూ, నీటిచక్రాలు తిరిగిన గుంటలూ నాన్నకి తెగ నచ్చాయి.

రెండోరోజు టీ దగ్గర డోనల్ తన ఫోను తీసి అమ్మకి ఓ వీడియో చూపించాడు. ఏదో ఊళ్లో శరణార్థులకి ఇళ్లివ్వొద్దని జనం జెండాలు పట్టుకుని నిలబడ్డారు. “మా పిల్లలకి ఇళ్లు లేక ఆస్ట్రేలియా పోతున్నారు. వీళ్లకి దొరుకుతున్నాయి. మీ గురించి కాదు సుమా, మీరు గ్రాండ్. డాక్టర్లు, కష్టపడేవాళ్లు. నేననేది ఆ మిగతావాళ్లని.”

ఆయన యాస అమ్మకి సరిగా అందదు. నేనే తెలుగులో చెప్పాను. అమ్మ కళ్లు మెరిశాయి. “ఆయనకి చెప్పు. ఒకసారి చోటిస్తే ఇక అంతే, యాభయ్యేళ్లకి మీరే మిగలరని చెప్పు.”

నేను డోనల్‌తో, “మీ తోట చాలా బాగుందంటోంది” అన్నాను.

“నేనన్నది అది కాదు” అంది అమ్మ. కుర్చీలో నిటారుగా కూర్చుని, ఒక్కొక్క ముక్కా కూడబలుక్కుని, స్కూలు ఇంగ్లీషులో తనే చెప్పింది. డోనల్ బల్ల మీద చెయ్యి చరిచి లేచి వచ్చి అమ్మకి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. ఇన్నేళ్లలో అమ్మ మాట శ్రద్ధగా విని మెచ్చుకున్న మనిషిని నేను చూడటం అదే మొదలు.

డోనల్ కూతురు ఈఫా ఆ రోజు తండ్రి తోటలో గడ్డి కోసిపెట్టడానికి వచ్చి ఉంది. కప్పులు తీసుకుని సింకు దగ్గరికి వెళ్లింది. నేనూ వెనకే వెళ్లాను. కుళాయి ధారగా వదిలి మెల్లిగా అంది, “సారీ. నాన్న ఇలా ఉండేవాడు కాదు.”

“మా అమ్మా అంతే. నువ్వేం చేస్తావు?”

“వైఫై పాస్‌వర్డ్ మార్చాను. లైబ్రరీకెళ్లి చూడటం మొదలుపెట్టాడు.” నవ్వబోయి ఆగింది. “మా ఆయనది బ్రెజిల్. ఇక్కడికి రాడు. నేను వారం వారం వచ్చి గడ్డి కోస్తాను, కప్పులు కడుగుతాను, వెళ్లిపోతాను. ఇంకేం చెయ్యాలో నాకూ తెలీదు.”

ఆమె కడిగిన కప్పులు నేను తుడిచి ప్రెస్‌లో పెట్టాను. ముందుగదిలో డోనల్ ఇంకో వీడియో పెట్టాడు. అమ్మ కళ్లజోడు తుడుచుకుని ముందుకి వంగింది.

మెయ్‌నూత్

విమానానికి ముందురోజు, విమానాశ్రయానికి దగ్గరని మెయ్‌నూత్‌లో ప్రవీణ్ స్నేహితుడింట్లో దిగాం. యూనివర్సిటీ ఊరు. సాయంత్రం కాలవ గట్టున నడుస్తున్నాం. కొందరు కుర్రాళ్లు ఎలక్ట్రిక్ స్కూటర్ల మీద పోతూ మమ్మల్ని చూసి ఇంటికి పొండి అని అరిచారు. వెంట ఓ బూతు. ఖాళీ డబ్బా ఒకటి నాన్న కాళ్ల దగ్గర పడింది. నాన్న అదేదో పలకరింపనుకుని చెయ్యి ఊపారు.

కుక్కతో వస్తున్న ఒకావిడ పరుగున వచ్చి, “అయాం సో సారీ, అందరం అలాంటివాళ్లం కాదు” అని నాన్న చెయ్యి పట్టుకుంది. గార్డులకి ఫోన్ చెయ్యమంటారా అని అడిగింది. పోలీసుల్ని అక్కడ అలా అంటారు. వద్దన్నాను.

ఆవిడ వెళ్లాక అమ్మ అడిగింది, “ఎందుకు సారీ చెప్పింది?”

కుర్రాళ్లు అన్నది ఉన్నదున్నట్టు చెప్పాను. ఒక్క అక్షరం తగ్గించలేదు. అమ్మ చాలాసేపు కాలవలో బాతుల్ని చూసింది.

“దూరంనించి తేడా తెలియలేదు పాపం. మనల్ని చూసి సాయిబులనుకున్నారు” అంది.

నాకు నవ్వురాలేదు, ఏడుపూ రాలేదు. చలేసింది.

విమానాశ్రయం

మాధవి పాపని తీసుకుని వచ్చింది. అమ్మ తారని ఎత్తుకుని, బుగ్గన చుక్క పెట్టి, కాసేపు ఏదో చెవిలో చెప్పి ఇచ్చేసింది. మాధవి అమ్మ కాళ్లకి దణ్ణం పెట్టింది. ఇద్దరూ ఏడ్చారు. ఇద్దరిలో ఎవరూ మాట వెనక్కి తీసుకోలేదు.

లోపల అమ్మ బాత్‌రూముకి వెళ్లినప్పుడు నేను నాన్న మీద పడ్డాను. “ఒక్కసారి నువ్వు కాదనుంటే, నాన్నా! ప్రతిదానికీ అవునవును అంటావు.”

నాన్న కుడిచెవి నావైపు తిప్పారు. “రెండేళ్లయింది, ఎడంచెవి వినపడదు. కుడిదీ అంతంతమాత్రం. మీకు చెప్పలేదు. ఆవిడనేది సగం వినపడదు. విన్నది నాకూ నచ్చదు.”

“మరి ఎందుకు...”

“నువ్వు మాట్లాడటం మానేశావు. చెల్లాయి ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో పెట్టేస్తుంది. నేను కూడా కాదంటే ఆ ఫోన్ తప్ప ఆవిడకి ఇంకెవరున్నారమ్మా?”

అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, సంచీలు సరిగ్గా ఉన్నాయా అని లెక్క చూసి మా మధ్య కూర్చుంది.

గుంటూరు

వచ్చి నెల దాటింది. రోజూ సాయంత్రం ఓ అరగంట అమ్మ దగ్గర కూర్చుంటున్నాను. కూరల గురించీ మోకాళ్ల నొప్పి గురించీ మాట్లాడుకుంటాం. ఎక్కడ మొదలుపెట్టినా మాట చివరికి అక్కడికే చేరుతుంది. నేను లేచి వెళ్లిపోతాను. మర్నాడు మళ్లీ కూర్చుంటాను. దీనివల్ల ఏమైనా మారుతోందా అంటే, లేదు.

కిందటి ఆదివారం మాధవి నాకొక్కదానికే ఫొటో పంపింది. తారకి ఐదోనెల. అన్నప్రాసన చేశారు. పట్టులంగా వేసుకుని పీట మీద కూర్చుంది. మూతికంతా పాయసం. పక్కన వెండి చెంచా పట్టుకుని నస్రీన్ నవ్వుతోంది. ఫొటో కింద ఒకటే ముక్క రాసింది, “అమ్మకి చూపించకు.”

నేను ఫోన్ బోర్లా పెట్టాను. అమ్మ వత్తులు చేసుకుంటోంది.

“చెల్లాయేనా? తార బాగుందా?”

“బాగుంది.”

“ఐదోనెల వచ్చేసింది కదా, అన్నప్రాసన ఎప్పుడంట?”

“ఇంకా అనుకోలేదంటమ్మా.”

అబద్ధమని అమ్మకి తట్టలేదు. “వాళ్లకి ముహూర్తాలు ఏం తెలుస్తాయి” అనుకుంటూ లేచి, గోడనున్న క్యాలెండర్ తీసి ఒళ్లో పెట్టుకుంది. కళ్లజోడు పెట్టుకుని, ఒక్కొక్క తేదీ మీదా వేలు ఆనించి, మంచిరోజు వెతకడం మొదలుపెట్టింది.